పాత చైనా కత్తులు, కవచాలు సేకరించేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో చైనా మింగ్ వంశ కాలపు (1368–1644) ఖడ్గం ఒకటి ఉంది. 1420 ప్రాంతంలో, యుంగ్‌లో చక్రవర్తి ఏలుబడిలో చేసింది. పిడి దగ్గర బంగారు పూతతో నోరు తెరిచిన సింహముఖం, ఒర నిండా బౌద్ధ చిహ్నాలు. టిబెట్ లామాకో మఠానికో చక్రవర్తి పంపిన కానుక అయి ఉంటుందని పండితుల మాట. ఉద్యోగానికని ఆ ఊరు వచ్చిన కొత్తలో వాన పడుతుంటే లోపలికి వెళ్ళాను, సాయంత్రం మూసేదాకా దాని ముందే నిలబడ్డాను. నా సేకరణ అక్కడే మొదలైంది. అప్పటి నుంచి హైదరాబాద్, విజయవాడ, డాలస్ నుంచి మనవాళ్ళు అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

కొత్తగా మొదలుపెట్టేవాణ్ణి. ముందు ఏది కొనాలి?

ముందు ఏదీ కొనకండి. ఆర్నెల్లు చూడండి. ఆ తర్వాత కూడా మనసు లాగుతుంటే చింగ్ వంశ కాలపు (1644–1912) సైనికుల కత్తి, అందులోనూ పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాలది వెతకండి. బజారులోకి వచ్చే నిజమైన పాత చైనా ఆయుధాల్లో చాలా భాగం అవే. మింగ్ కాలపువి చాలా అరుదు. అంతకు ముందువి దాదాపు అన్నీ భూమిలోంచి తవ్వి తీసినవే, వాటి సంగతి కింద వేరుగా చెప్తాను.

రెండు మాటలు మొదటిరోజే వంటబట్టించుకోవాలి. రెండువైపులా పదునుండి, నిటారుగా ఉండేది ‘జియెన్’. ఒకవైపే పదునుండి, వెన్ను మందంగా, సాధారణంగా కొంచెం వంపు తిరిగి ఉండేది ‘దావ్’. జియెన్‌ను పండితులు, అధికారులు, గురువులు గౌరవ చిహ్నంగా ధరించేవారు. యుద్ధంలో సిపాయి చేతికి దక్కింది దావ్. నా సలహా దావ్‌తో మొదలుపెట్టమని. ఎక్కువ మిగిలాయి కాబట్టి పోల్చి చూసుకోవడానికి వీలుంటుంది. జియెన్‌లో నకిలీలూ అలంకారం కోసం చేసినవీ మరీ ఎక్కువ, కొత్తవాళ్ళకి కన్ను కుదరడం కష్టం.

దావ్‌లలో రకాలు ఎలా గుర్తుపట్టాలి?

వంపు ఎక్కడ మొదలవుతుందో చూడండి, సగం పని అయిపోతుంది.

పిడి నుంచి చాలా దూరం నిటారుగా వచ్చి, చివరి పావు వంతులో మాత్రమే కొంచెం పైకి లేస్తే అది ‘యెన్‌మావ్‌దావ్’, అంటే బాతు ఈక కత్తి. మింగ్, తొలి చింగ్ కాలాల్లో దీనికి ఆదరణ ఎక్కువ, తర్వాత తగ్గిపోయింది. పిడి నుంచి మొన దాకా ఒకే తీరులో మెత్తగా వంగి, వెడల్పు పెద్దగా మారకుండా వెళితే ‘ల్యూయెదావ్’, అంటే విల్లో చెట్టు ఆకు కత్తి. చింగ్ సైన్యంలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

మొన దగ్గర ఎద్దు తోకలా వెడల్పైపోయేది ‘న్యూవెయ్‌దావ్’. కుంగ్‌ఫూ సినిమాల్లో ఏ శతాబ్దపు వీరుడి చేతిలోనైనా ఇదే కనబడుతుంది. నిజానికిది పందొమ్మిదో శతాబ్దపు రూపం. ఊరి కాపలాదారులు, మల్లవిద్య నేర్పేవాళ్ళు, బందిపోట్లు, తిరుగుబాటుదారులు వాడారు. చింగ్ సైన్యం దీన్ని తన సిపాయిలకు అధికారికంగా ఇవ్వలేదు. కాబట్టి “మింగ్ సేనాధిపతి కత్తి” అని ఈ ఆకారాన్ని ఎవరైనా చూపిస్తే బేరం అక్కడితో ఆపేయవచ్చు.

పిడి, ఒర మీది లోహపు పనిలోనూ రెండు తీర్లున్నాయి: కోణాలున్న ‘ఫాంగ్‌ష్’, గుండ్రటి ‘యువాన్‌ష్’. 1759లో కూర్చి 1766లో సవరించిన ‘హువాంగ్‌చావ్ లీచీ తూష్’ అనే రాజాజ్ఞల చిత్రగ్రంథంలో ఏ హోదావారు ఏ కత్తి, ఏ కవచం, ఏ విల్లు ధరించాలో బొమ్మలు, కొలతలతో సహా ఉంది. కొలత ఒక్కటే చాలదు గానీ, మీ కత్తి ఏ వర్గానికి చెందిందో చెప్పగల సాక్ష్యం అంతకంటే మంచిది లేదు.

పాత చిత్రాల్లో మంచూ అధికారుల కత్తి పిడి వెనక్కి తిరిగి ఉంటుంది. అది బొమ్మ గీసినవాళ్ళ పొరపాటా?

పొరపాటు కాదు. చింగ్ వంశాన్ని నిలిపిన మంచూలకు విల్లు ముందు, కత్తి తర్వాత. పిడి ముందుకు పొడుచుకొని ఉంటే విల్లు లాగేటప్పుడు అడ్డం. అందుకే కత్తిని పిడి వెనక్కి, మొన ముందుకు ఉండేలా వేలాడదీసేవారు. ఒర మీది వేలాడదీసే పట్టీలు ఏ వైపు అరిగాయో చూస్తే ఈ అలవాటు జాడ అప్పుడప్పుడు కనబడుతుంది కూడా. అలాంటి అరుగుదల చూసినప్పుడు నాకు ఆ మనిషి నడుము కనిపించినట్టే ఉంటుంది.

అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?

అందరూ అడిగేది ఇదే కాబట్టి నిదానంగా చెప్తాను.

మొదట మందం. నిజంగా వాడకానికి చేసిన చింగ్ కత్తి పిడి దగ్గర 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉండి, మొన వైపు వెళ్ళేకొద్దీ సన్నబడి 2, 3 మిల్లీమీటర్లకు దిగుతుంది. కమ్మరి సుత్తితో సాగదీసి తెచ్చిన సన్నదనం అది. చేతిలో కత్తి తేలిగ్గా, చురుగ్గా ఆడేది దీనివల్లే. నకిలీలు చేసేవాళ్ళు రేకులోంచి కత్తిరించి అంచు అరగదీస్తారు, మందం చివరిదాకా ఒక్కటే. కొలిచే పరికరం పది ఫొటోల కంటే ఎక్కువ చెప్తుంది. అమ్మేవాణ్ణి మూడు చోట్ల మందం అడగండి. చెప్పనంటే అర్థమైపోయినట్టే.

రెండోది, ఇనుము ఎలా కూర్చారన్నది. మంచి చైనా కత్తుల్లో ఎక్కువ భాగం ‘సాన్‌మెయ్’ పద్ధతివి. మూడు పొరలు: నడుమ గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తటి ఇనుము. వాదర దగ్గర పక్కపొరలు అరిగి నడిమి ఉక్కు బయటపడుతుంది. పదును దాని వంతు, విరగకుండా కాచుకోవడం పక్కపొరల వంతు. వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుంటే వాదరకు కొంచెం పైన సన్నటి గీత, కొంచెం అటూ ఇటూ వంకరపోతూ, కత్తి పొడవునా సాగుతుంది. ఆ గీతకు పైన ఇనుములో కొయ్య చారల్లాంటి మడతలు. యాసిడ్‌తో చెక్కిన నకిలీ చారలు వాదర మీదుగా కూడా తెగకుండా వెళ్ళిపోతాయి, లేదా అచ్చు గుద్దినట్టు ఒకే దూరంలో ఉంటాయి.

మూడోది, తుప్పు. రెండొందల ఏళ్ళ తుప్పు ముదురు గోధుమ రంగు నుంచి నలుపులోకి తిరిగి గట్టిపడుతుంది. వేలికి అంటదు. ఉప్పునీళ్ళు, యాసిడ్‌తో తెప్పించింది నారింజ రంగులో, పొడిపొడిగా, అంతటా ఒకే తీరుగా ఉంటుంది. పాత కత్తి తుప్పు ఎప్పుడూ అంతటా ఒకేలా ఉండదు. చెయ్యి తగిలే చోట, ఒర నోటి దగ్గర, మొన దగ్గర వేరువేరుగా ఉంటుంది.

నాలుగోది, పిడి చివర. కత్తి ఇనుప ముల్లు పిడిలోంచి దూరి బయటికొచ్చి, చివర సుత్తితో కొట్టి బిగించి ఉంటుంది. ఆ బిగింపు కొత్తగా మెరుస్తున్నా, చుట్టూ గీతలున్నా ఎవరో ఊడదీసి బిగించారని అర్థం. అంతమాత్రాన నకిలీ అనలేం. కత్తి ఒకటీ పిడి ఒకటీ కలిపి ‘దంపతుల్ని’ చేశారేమో చూడాలి. చేతికి అడ్డుగా ఉండే చక్రం రంధ్రం, కత్తి మొదలు, పిడి ఉంగరం ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చున్నాయా? ఒరలోకి కత్తి అడ్డుపడకుండా, గలగలలాడకుండా దిగుతుందా? పాత కొయ్య ఎండి కొంచెం బిగిసిపోవడం మామూలే. వంపే కలవకపోతే మాత్రం ఒర వేరే కత్తిది.

నేను మొదట కొన్న కత్తికి ఇవేవీ చూడలేదు. వేలంలో దాని వెనక చెప్పిన కథ చూసి కొన్నాను. “బాక్సర్ తిరుగుబాటులో పట్టుకొచ్చింది, మా ముత్తాతది.” చైనాలో 1900 నాటి, విదేశీయుల మీద లేచిన తిరుగుబాటు అది. కథ బాగుంది, కత్తి మందం మొదలు నుంచి మొన దాకా అయిదు మిల్లీమీటర్లే. నెలన్నర జీతం పోయింది. ఇప్పటికీ దాన్ని అమ్మలేదు, ఎందుకంటే అమ్మితే ఇంకొకరికి అదే కథ చెప్పాల్సి వస్తుంది. కొత్తవాళ్ళు ఇంటికొస్తే మంచిదీ ఇదీ పక్కపక్కన పెట్టి చేతికిస్తాను.

కత్తి మీద “చియెన్‌లుంగ్ కాలంలో చేసింది” అని చెక్కి ఉంది. చాలా విలువైనదా?

దాదాపు ఎప్పుడూ కాదు. చియెన్‌లుంగ్ చక్రవర్తి (పాలన 1735–1796) తన కోసం, ‘ఆకాశం’, ‘భూమి’, ‘మనిషి’ అనే మూడు వరుసల్లో, వరుసకు ముప్ఫై చొప్పున 90 కత్తులు చేయించాడు. ఒక్కోదానికి పేరు, వరుస సంఖ్య, బంగారు వెండి తీగల పొదుగుడు. అవి దశాబ్దాల పాటు విడతలుగా తయారయ్యాయి. బయటికొచ్చిన ఒకటి రెండు హాంకాంగ్ వేలాల్లో కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికాయి. ఆ వార్తల తర్వాత ‘చియెన్‌లుంగ్’ అక్షరాలు చెక్కిన కత్తులు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. సిపాయి కత్తి మీద చక్రవర్తి పేరు ఉండే ఆచారం లేదు. ఏ అక్షరమూ లేని, అరిగిన, నిజాయితీ గల ల్యూయెదావ్ నా దృష్టిలో వాటికంటే మేలు.

మా మామయ్య షాంఘై నుంచి తెచ్చిన జియెన్ మీద ఏడు ఇత్తడి చుక్కలున్నాయి. ఏమిటవి?

సప్తర్షి మండలం. జజియాంగ్ రాష్ట్రంలోని లుంగ్‌చువాన్ పట్టణం కత్తులకు పాతకాలం నుంచి పేరున్న చోటు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా అక్కడా, ఆ పేరుతో ఇతర చోట్లా అలంకార జియెన్‌లు విదేశీ యాత్రికుల కోసం విరివిగా చేశారు. పలుచటి కత్తి, ఇత్తడి తొడుగుల ఒర, దాని మీద తాబేటి చిప్ప, ఏడు చుక్కలు. యుద్ధానికి పనికొచ్చేవి కావు. అయినా ఇంట్లో మనిషి తెచ్చింది కదా, దాచుకోండి. ఎప్పుడు కొన్నారో, ఏ వీధిలో కొన్నారో మామయ్యను అడిగి రాసి పెట్టండి. తాబేటి చిప్ప ఉంటే మాత్రం సరిహద్దులు దాటించే ముందు కింద చట్టాల భాగం చదవండి.

‘తల నరికే కత్తి’ అని అమ్ముతున్న పెద్ద కత్తి నిజంగా అందుకేనా?

అలా అమ్మేవాటిలో చాలా వరకు ‘దాదావ్’లు. అంటే పెద్ద కత్తి అనే. పొడుగు పిడి, చివర ఉంగరం, వెడల్పైన వాదర, మామూలు కమ్మరి పని. పేద ఊళ్ళ కాపలా దళాలు, తర్వాత తుపాకులు సరిపోని చైనా సైన్యం వాడాయి. 1933 మార్చిలో మహా కుడ్యం దగ్గర శీఫెంగ్‌కౌ కనుమలో 29వ సైన్యం రాత్రిపూట వీటితో జపాన్ స్థావరాల మీద పడింది. ఆ కత్తి అప్పుడు దేశమంతటికీ గుర్తయిపోయింది. ఆ చరిత్రే చాలినంత బరువుగా ఉంది, ‘తలారి’ కథ అతికించనక్కర్లేదు. ఒక మెలిక: 1930ల దాదావ్‌కు ఇంకా నూరేళ్ళు నిండలేదు, కాబట్టి చాలా దేశాల్లో ‘పురాతన వస్తువు’ అనే మినహాయింపు దానికి వర్తించదు.

చైనా కథల్లోని సేనాని గువాన్ యూ పట్టిన పెద్ద గండ్రకత్తి ఉందంటూ 60 కిలోల ఆయుధం చూపిస్తున్నారు. నమ్మొచ్చా?

ఆయుధాన్ని నమ్మొచ్చు, పేరును కాదు. చింగ్ కాలపు సైనిక పరీక్షల్లో బలం చూడటానికి, పొడుగు కర్రకు పెద్ద కత్తి బిగించిన ఈ గండ్రకత్తులు పెట్టేవారు. 80, 100, 120 జిన్‌ల తరగతులు. జిన్ అంటే దాదాపు 600 గ్రాములు, అంటే 48, 60, 72 కిలోలు. అభ్యర్థి దాన్ని ముందు, వెనక, తల మీదుగా తిప్పాలి. వాటితో పాటు గట్టి విల్లులు లాగాలి, బరువు రాళ్ళు ఎత్తాలి. 1901లో ఆ పరీక్షలు రద్దయ్యాయి. కనుక 60 కిలోల గండ్రకత్తి అంటే పరీక్ష బరువే, యుద్ధంలో వాడింది అంతలో పదో వంతు కూడా ఉండదు. ఇక గువాన్ యూ మూడో శతాబ్దం తొలినాళ్ళలో చనిపోయాడు. ఈ ఆకారపు ఆయుధం బొమ్మగా మనకు దొరికేది సుంగ్ కాలపు సైనిక గ్రంథంలో, 1044లో. మధ్యలో ఎనిమిది వందల ఏళ్ళు.

పరీక్ష గండ్రకత్తి దొరికితే నేను సంతోషంగా కొంటాను. మోయడానికి నలుగురు కావాలి, అంతే.

కవచాల సంగతేమిటి? ‘బట్ట కోటు’లా ఉన్నది కవచమెలా అవుతుంది?

చింగ్ కవచం ‘దింగ్‌జ్యా’, అంటే మేకుల కవచం. బయట పట్టు లేదా నూలుబట్ట, లోపల చేప పొలుసుల్లా వరుస పెట్టిన ఇనుప రేకులు, వాటిని బట్టకు పట్టి ఉంచే మేకుల తలలు బయటకి చుక్కల్లా కనబడతాయి. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఎన్నిటిలోనో లోపలి రేకులు మానేసి, దూది పొర ఉంచి, మేకుల తలలు మాత్రం మిగిల్చారు. అప్పటికవి ఊరేగింపు దుస్తులు. చేత్తో మెల్లగా నొక్కితే లోపల ఏముందో తెలుస్తుంది.

రంగుతో దళం తెలుస్తుంది. ‘ఎనిమిది జెండాల’ సైన్యంలో పసుపు, తెలుపు, ఎరుపు, నీలం దళాలు నాలుగు. అవే రంగుల్లో అంచు కట్టినవి నాలుగు. ఒక పూర్తి జత అంటే చొక్కా, రెండు భాగాల లంగా, భుజపు రేకులు, చంకల కింది తొడుగులు, ముందు వేలాడే పలక, ఎడమ పక్క పలక. కుడి పక్క పలక ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. అక్కడ అంబులపొది వేలాడుతుంది. ‘అన్నీ ఉన్నాయి, కుడి పలక ఒక్కటి పోయింది’ అనే అమ్మకందారు ఎవరో ఒకరు ఏటా కనబడుతూనే ఉంటాడు. అది పోలేదు, పుట్టలేదు.

శిరస్త్రాణం ఇనుముదో, లక్క పూసిన తోలుదో అయి, రెండు సగాలు కలిపినట్టు ఉంటుంది. పైన ఈకల కుచ్చు నిలబెట్టే గొట్టం. చక్రవర్తి, పెద్ద అధికారుల శిరస్త్రాణాల మీద బంగారు అక్షరాలతో సంస్కృత మంత్రాలుంటాయి, లాంత్సా లిపిలో. టిబెట్ బౌద్ధం దారిన మంచూ కొలువుకు చేరిన లిపి అది. మన వైపు పుట్టిన బీజాక్షరాలు ఉత్తరాన మంచూ రౌతు నెత్తిమీద చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది, దాచుకోవడం దేనికి.

ఒక జాగ్రత్త. పెకింగ్ (నేటి బీజింగ్) నాటకాల్లో సేనాధిపతి వేషం కూడా మెరిసే కుట్టుపనితో, వీపున నాలుగు జెండాలతో ఉంటుంది. దాన్ని కవచమని అమ్ముతారు. చేతిపని చూస్తే ఒక్కోసారి కవచం కంటే అందంగా ఉంటుంది. నాటక వేషంగా నాటకం వెల ఇచ్చి కొనుక్కోండి.

పాత విల్లు దొరికింది. నారి ఎక్కించి చూడొచ్చా?

వద్దు. మంచూ విల్లు బర్రె కొమ్ము, వెదురు, నరాల నార కలిపి జిగురుతో అతికించింది. వందేళ్ళు నారి దించి ఉన్న విల్లును లాగితే ఒక్కసారిగా పగులుతుంది, లాగినవాళ్ళకూ దెబ్బే. రెండు కొనల దగ్గర నారి ఆనడానికి ఉన్న చిన్న దిమ్మలు చూడండి, మంచూ విల్లుకు అవి గుర్తు. మిగతా ప్రేమ అంతా బొటనవేలి ఉంగరం మీద పెట్టుకోవచ్చు. నారి లాగేటప్పుడు వేలు తెగకుండా కొమ్ముతో చేసిన గుండ్రటి గొట్టం లాంటి ఉంగరం. తర్వాత జేడ్, పింగాణీతో చేసి నగగా పెట్టుకున్నారు. వాడిన కొమ్ము ఉంగరంలో నారి గాడి కనబడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి, డబ్బు తక్కువ ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి ప్రవేశం లేదు. జేబులో పెట్టుకొని తిరగవచ్చు. ఏనుగు దంతానివి మాత్రం ముట్టుకోవద్దు.

కంచు ఖడ్గాలు కొనొచ్చా?

కొనవద్దనే నా మాట. కంచు ఆయుధం అంటే సమాధిలోంచి వచ్చింది. ఎవరు తవ్వారు, ఎప్పుడు తవ్వారు అనే ప్రశ్నకు కాగితం లేకపోతే అది దొంగసొత్తు కావచ్చు, లేదా గత ఏడాది పోతపోసి చిలుం అంటించింది కావచ్చు. రెండూ వద్దు.

కంచు ఖడ్గాలు చూడాలంటే వూహాన్‌లోని హుబెయ్ మ్యూజియంలో యుయె రాజు గౌజియెన్ ఖడ్గం చూడండి. 1965లో సమాధి తవ్వకంలో దొరికింది. పొడవు 56 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, పక్షుల్లా వంపులు తిరిగే అక్షరాల్లో రాజు పేరు. రెండున్నర వేల ఏళ్ళ తర్వాత కూడా పదును పోలేదు. ఇంకో ముచ్చట: చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గరి మట్టి సైనికుల గోతుల్లో దొరికిన కంచు ఆయుధాలకు చైనీయులు రెండు వేల ఏళ్ళ కిందటే క్రోమియం పూత పూశారని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 2019లో వెలువడిన పరిశోధన ఆ క్రోమియం కొయ్య పిడులకు, ఒరలకు పూసిన లక్క నుంచి అంటిందని తేల్చింది.

ఇవన్నీ దోచుకొచ్చినవి కావా? మనం కొనడం సబబేనా?

కొన్ని అవును. 1860 అక్టోబరులో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు పెకింగ్ దగ్గరి యువాన్‌మింగ్‌యువాన్ రాజోద్యానాన్ని దోచాయి, తర్వాత బ్రిటిష్ సేన దాన్ని తగలబెట్టింది. దోచినవి అక్కడికక్కడే సైనికుల మధ్య వేలం వేసుకున్నారు. 1900లో బాక్సర్ తిరుగుబాటు అణిచినప్పుడు పెకింగ్‌లో మళ్ళీ అదే జరిగింది. ఐరోపా ఇళ్ళల్లో ఈనాడు బయటపడే చైనా కత్తులు కొన్ని ఆ దారినే వచ్చాయి.

ఇందులో మనం పక్కన నిలబడి చూసినవాళ్ళం కాదు. మద్రాస్ సాపర్లు, అంటే దారులు, వంతెనలు వేసే సైనికులు, 1860లో, 1900లో ఆ సేనల్లో ఉన్నారు. అంతకు ముందే, మొదటి నల్లమందు యుద్ధంలో, 1841 మే చివర్లో కాంటన్‌కు (నేటి గ్వాంగ్‌జౌ) ఉత్తరాన సాన్‌యువాన్‌లీ అనే ఊరి దగ్గర 37వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫంట్రీ కంపెనీ ఒకటి కుండపోత వానలో మిగతా దళం నుంచి తప్పిపోయింది. మందు తడిసి తుపాకులు పేలలేదు. ఊళ్ళవాళ్ళు ఈటెలు, కత్తులు, గడలు పట్టుకొని చుట్టుముట్టారు. బయనెట్లతో కాచుకుంటూ నిలబడ్డ సిపాయిలను, వానలోనూ పేలే కొత్తరకం తుపాకులున్న మెరీన్లు వచ్చి తప్పించారు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎందరో ఉండేవారు. కంపెనీ జీతానికి వెళ్ళిన మద్రాసు సిపాయిలు, తమ పొలం కాపాడుకుంటున్న కాంటన్ రైతుబిడ్డలతో తలపడ్డారు. చైనా పాఠ్యపుస్తకాల్లో సాన్‌యువాన్‌లీ పెద్ద సంగతి. మన దగ్గర ఆ పేరు విన్నవాళ్ళు తక్కువ.

అందుకని నేను పెట్టుకున్న కట్టుబాటు: రాజప్రాసాదం నుంచి వచ్చిందని చెప్పే వస్తువు కొనను. సమాధి వస్తువు కొనను. సిపాయి కత్తి కొంటే దాని రాకడ ఎంత వరకు తెలిస్తే అంత రాసి దాని వెంటే ఉంచుతాను. దోపిడీ అని తెలిస్తే దోపిడీ అనే రాస్తాను, ‘స్మారకం’ అని రాయను.

ఇండియాలో ఇంట్లో పెట్టుకోవచ్చా? తెప్పించుకోవచ్చా?

1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల ప్రకారం కత్తులు, ఈటెలు, 9 అంగుళాల కంటే పొడవైన వాదర ఉన్నవి అయిదో వర్గం ఆయుధాలు. ప్రభుత్వం సెక్షన్ 4 కింద ప్రకటించిన ప్రాంతాల్లో వాటిని ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. విదేశం నుంచి ఆయుధం దిగుమతికి వేరే అనుమతి కావాలి. ఆర్డరు పెట్టాక కాదు, పెట్టక ముందే పోలీసు కమిషనరేట్ లైసెన్సు విభాగంలో, మంచి కస్టమ్స్ ఏజెంటు దగ్గర లిఖితపూర్వకంగా అడగండి.

చాలామందికి తట్టనిది ఇంకొకటి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువు దేశం దాటించడం వ్యక్తులకు నిషేధం. చైనాలో పుట్టిందైనా సరే, ఇండియాలో ఉంటే అదే నియమం. అమెరికాలో ఉన్న అబ్బాయి తాతగారి కత్తిని సూట్‌కేసులో పెట్టుకొని బయల్దేరితే శంషాబాద్‌లోనే ఆగిపోతాడు.

బయటి దేశాల్లో ఉన్న మాకు?

బ్రిటన్‌లో 50 సెంటీమీటర్లు, ఆపైన వాదర ఉన్న వంపు కత్తుల అమ్మకం, దిగుమతి 2008 నుంచి నిషేధం. నూరేళ్ళు దాటినవాటికి మినహాయింపు. వయసు రుజువు చేసుకునే పని మీదే. అమెరికా 2009లో చైనాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం తాంగ్ వంశం చివరి దాకా, అంటే 907 దాకా ఉన్న పురావస్తువులు కాగితాల్లేకుండా దిగుమతి చేయలేరు. కంచు ఆయుధాలన్నీ ఇందులోకే వస్తాయి. చైనా తన వైపు నుంచి 1911కు ముందు వస్తువుల ఎగుమతిని ఆపేసింది. కాబట్టి “నేరుగా చైనా నుంచి చింగ్ కత్తి పంపుతాం” అంటే అది నకిలీ, కాకపోతే దొంగరవాణా. తాబేటి చిప్ప, దంతం, ఖడ్గమృగం కొమ్ము ఏ కొంచెం ఉన్నా వన్యప్రాణి అనుమతులు లేకుండా సరిహద్దు దాటించకండి.

చైనా కత్తుల్లో మన కోనసముద్రం ఉక్కు ఉందా?

కోనసముద్రం, నిర్మల్ ప్రాంతాల మూస ఉక్కు పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్ళినంత గొప్పది. మన ‘ఉక్కు’ మాటే అటూ ఇటూ నలిగి ‘వూట్జ్’ అయిందంటారు. చైనా గ్రంథాలు పడమటి దేశాల నుంచి వచ్చే చారల ఉక్కును ‘బిన్‌త్యే’ అని మెచ్చుకున్నాయి. అయితే చింగ్ కత్తి మీద మీకు కనబడే చారలు వేరు. అవి ఇనుమును మడిచి, కొట్టి, అతికించినందువల్ల వచ్చినవి. మూస ఉక్కు చారలు లోహం చల్లారేటప్పుడు లోపలే పుడతాయి. పక్కపక్కన పెట్టి చూస్తే నది ఇసుకకీ కొయ్య చారకీ ఉన్నంత తేడా.

తుప్పు పట్టి ఉంది. గీకి శుభ్రం చేయనా?

గరుకు కాగితం, ఆకురాయి, చింతపండు, నిమ్మకాయ, తిరిగే బ్రష్షు ఏదీ వద్దు. ఇత్తడి చెంబు తోమినట్టు తోమితే రెండొందల ఏళ్ళు పది నిమిషాల్లో పోతాయి. మెత్తటి గుడ్డ, కొంచెం పలుచటి మినరల్ ఆయిల్. పచ్చి తుప్పు ఉంటే నూనె వేసి ఒకరోజు ఉంచి, వెదురు పుల్లతో లేదా కొమ్ము ముక్కతో మెల్లగా లేపండి. మొత్తం సానబట్టించాలనుకుంటే చైనా కత్తుల మీద చెయ్యి తిరిగినవారికే ఇవ్వండి. సరిగ్గా చేస్తే సాన్‌మెయ్ గీత, మడతలు అద్భుతంగా బయటపడతాయి. సరిగ్గా చేయకపోతే తిరిగి రావు.

మన వాతావరణంలో అసలు శత్రువు తేమ. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో ఇంకా. కత్తిని ఏళ్ళ తరబడి ఒరలో ఉంచకండి, పాత తోలు, కొయ్య తేమ పట్టుకుంటాయి. ఒరకు నూనె తగలకూడదు, స్టింగ్‌రే చేప చర్మం, లక్క దెబ్బతింటాయి. కవచాన్ని తగిలించవద్దు, పడుకోబెట్టండి. పట్టు భుజాల దగ్గర బరువుకు చిరుగుతుంది. కలరా ఉండలు లోహానికి తగలకుండా దూరంగా ఉంచండి.

హైదరాబాద్‌లో చూడగలిగేవి ఉన్నాయా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా విభాగం ఎక్కువగా పింగాణీ. అయినా వెళ్ళండి. అక్కడి జపాన్ కత్తులు, దక్కన్ ఆయుధాలు చూస్తే మూడు దేశాల కమ్మరుల ఆలోచన ఎక్కడ విడిపోయిందో తెలుస్తుంది. చైనా ఆయుధాల కోసమైతే లీడ్స్ రాయల్ ఆర్మరీస్, న్యూయార్క్ మెట్రోపాలిటన్, బీజింగ్ రాజప్రాసాద మ్యూజియం.

నా తర్వాత ఇవి ఏమవుతాయి? ఇంట్లో ఎవరికీ ఆసక్తి లేదు.

ఒక్కో వస్తువుకు ఒక్కో కాగితం రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారు. అమ్మినవాళ్ళు ఏం చెప్పారు, మీరు అందులో ఏది నమ్మారు. పొడవు, బరువు, మూడు చోట్ల మందం. మీరు చేసిన మరమ్మతు. రెండు వైపులా ఫొటోలు. కత్తి మీద అంటించకండి, జిగురు మచ్చ పడుతుంది. నూలుదారంతో పిడికి చిన్న చీటీ కట్టి, అందులో కాగితం సంఖ్య పెన్సిల్‌తో వేయండి. ఇంకు కారుతుంది. ఆ కాగితాల కట్ట ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.